మీసాలు రాని పెద్దవాళ్లు

పిల్లలకు చుట్టలు అమ్మరాదని రాజుగారు చాటింపు వేయించినా, వర్తకుడు సంపంగయ్య కొట్టు ముందు పిల్లల గుంపు తగ్గలేదు. గంపలల్లుకునే గవరమ్మ మనవడు పదేళ్లకే చుట్ట మరిగి, దగ్గి దగ్గి మెలికలు తిరిగిపోతుంటే ఆమె వాడి చెయ్యి పట్టుకుని తిన్నగా కొలువుకు నడిచింది.

రాజు పిలిపించి అడిగితే సంపంగయ్య తొణకలేదు. "మహాప్రభూ, వయసు నుదుటి మీద రాసి ఉంటుందా? నా కంటికి వీడు పెద్దవాడిలాగే కనిపించాడు" అన్నాడు.

గవరమ్మ మనవణ్ణి ముందుకు తోసింది.

"అయ్యగారి మాటే నిజం ప్రభూ, వీడు పెద్దవాడే. మరి కోట కాపలాకు ఇంటికో మగవాణ్ణి పంపమంటే, తన కొడుకు పసివాడని అయ్యగారు తప్పించారు కదా! ఆ అబ్బాయి వీడికంటే మూరెడు పొడుగు. ఇద్దర్నీ ఇవాళే తీసుకోండి."

సభ గొల్లుమంది. రాజు సేనాపతి వైపు తిరిగేసరికి సంపంగయ్యకు ముచ్చెమటలు పోశాయి.

"పసివాళ్లు మహాప్రభూ! ఇద్దరూ పాలుగారే పసివాళ్లు!" అంటూ కాళ్లమీద పడ్డాడు.

"అంటే తెలిసే అమ్మావన్నమాట" అన్నాడు రాజు. "కొట్టుకు తాళం వెయ్యి. ఇక నీకు తీరికే కాబట్టి, మీ ఇంటి తరపున కాపలాకు నువ్వే బయల్దేరు."