పాతర పెద్ద మూడో ఎన్నిక

నల్లకొండ అడవిలో ఒకటే ఎన్నికల హడావుడి! వడ్రంగిపిట్ట మోడు మీద డప్పు వాయిస్తోంది. కోతులు కొమ్మకొమ్మకీ దూకుతూ "నక్క మామకే జై!" అని గొంతులు చించుకుంటున్నాయి.

ఆ అడవిలో జంతువులన్నీ తమ తిండిలో కొంత ఆపద పాతరలో వేస్తాయి. వరదో కార్చిచ్చో వచ్చి నష్టపోయినవాళ్లకు పాతర పెద్ద అందులోంచి తీసి ఇవ్వాలి. ఆ పదవికి రెండుసార్లు గెలిచిన నక్క, మూడోసారీ నిలబడింది. పోటీకి దిగిన తాబేలు ఇంకా సభకే చేరలేదు.

కుందేలు సింగారికి మాత్రం ఈ సందడి చూస్తే ఒళ్లు మండిపోతోంది. మొన్నటి వానకు దాని బొరియ మునిగి, దాచుకున్న గింజలన్నీ కొట్టుకుపోయాయి. పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నాయి. సాయం అడగబోతే నక్క చెవిలో గొణిగింది: "పాతర అడుగంటిందమ్మా. ఎవరితోనూ అనకు, అడవి పరువు పోతుంది." తీరా ఆరా తీస్తే, ఇల్లు మునిగిన ముళ్లపందికీ అదే మాట చెప్పిందట!

నక్క రాయెక్కి గొంతు సవరించుకోగానే సింగారి ఒక్క గెంతులో ముందుకొచ్చింది.

"మామా, పాతరలో గింజ లేదటగా! అంతా నువ్వే మింగావని అంటున్నారు. నేను నమ్మలేదనుకో."

నక్క తోక నిక్కబొడుచుకుంది. నిండు పాతర చూపించి, వచ్చే ఏడు అడవికే పెద్దగా నిలబడాలని దాని ఆశ మరి.

"నేనా, మింగడమా? ఎలుగన్నా, పాతర మీది బండ లాగవయ్యా! అందరూ కళ్లారా చూడండి!"

ఎలుగుబంటి బండ లాగింది. అబ్బో! జొన్నలు, వేరుశనగలు, ఎండు దుంపలు అంచు దాటి దొర్లాయి. కోతులు ఈలలు వేశాయి.

"చూశారా నా నిజాయితీ!" నక్క ఛాతీ విరుచుకుంది. "నేనొచ్చాక చిటికెడు కూడా తరగనివ్వలేదు!"

"మా ఇళ్లు మునిగాయి కదా మామా," అంది సింగారి. "చిటికెడైనా ఎందుకు తరగలేదు?"

ఈలలు ఆగిపోయాయి.

"నాతో ఖాళీ అన్నావుగా!" ముళ్లపంది ముళ్లన్నీ లేచాయి.

జంతువులన్నీ ఓటు గులకరాళ్లు తీసుకెళ్లి తాబేలుకు కేటాయించిన చోట పోశాయి. ఆయాసపడుతూ తాబేలు వచ్చేసరికి ఆ కుప్ప దానికంటే ఎత్తుగా ఉంది!

"గెలిచానా? సరే, ప్రసంగం తర్వాత," అంది తాబేలు. "ముందు సింగారి పిల్లలకు పెట్టండి."

నీతి: ఆపదలో ఉన్నవాళ్లకు పెట్టకుండా పాతర నింపినవాడి మీద ఆ నిండుదనమే సాక్ష్యం చెబుతుంది.