దొర దగ్గు

దగ్గరికి జరగండి పిల్లలూ. గడప మీద కూచున్నవాళ్ళు కూడా లోపలికి రండి, గాలి విసురుగా ఉంది, నా మాట మీదాకా రాదు. పలకలు పక్కన పెట్టండి. కుదురుగా కూచోండి, ఎందుకంటే ఈ కథలోవాడికి కుదురు లేదు.

గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో ఓదెలు అనే ముసలి వేషగాడు ఉండేవాడు. ఏటా జాతరకు పడుచువాళ్ళకు వేషాలు కట్టి, ఆట నేర్పేవాడు. ఊరంతా అతణ్ణి గురువనే పిలిచేది.

ఆ ఊరికి ఒక దొర. ఆయన ఉండే పెద్ద ఇల్లు గడి. దొర ఎవరినీ పేరు పెట్టి పిలవడు. అరుగు మీద కూచుని దగ్గుతాడు, అంతే. దారిన పోయేవాళ్ళు ఆగాలి. చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. గడిలోకి పోయి రోజంతా ఊరికే చాకిరీ చేసి రావాలి.

ఓదెలు శిష్యుల్లో రాజలింగు అనేవాడికి ఆ ఏడు కంటి మీద కునుకు లేదు. వాళ్ళ జొన్నచేను కోతకొచ్చింది. మీద మబ్బు. వాన పడితే కంకి నల్లబడిపోతుంది, ఏడాది తిండి పోతుంది. రాజలింగును తెల్లారకముందే దొర పొలాలకు తోలేవారు. తల్లి లచ్చవ్వ కొడవలి పట్టుకుని రోజూ చేనికి బయల్దేరేది. రోజూ గడి ముందు దగ్గు వినపడేది. చేనికి మరో దారి లేదు.

జాతరనాడు పొద్దున గురువు వాడికి పులివేషం కడుతున్నాడు. రంగు ఆరకముందే వాడు లేచి తిరుగుతున్నాడు.

"నిలువవేందిరా? చారలు వంకర పోతున్నయ్."

"పోనీ గురువా!"

తోక కడుతుంటే గురువు చేతికి తడిగా తగిలింది. తోకలో నూనెగుడ్డ. నడుముకు అగ్గిపెట్టె.

"గడి ఎనక గడ్డివాము ఉన్నది," అన్నాడు రాజలింగు. "పులి మొకంల ఎవడు ముట్టిచ్చిండో ఎవనికెరుక?"

ఓదెలు తోకలోంచి గుడ్డ లాగాడు. నూనెగుడ్డతో చేతులకంటిన రంగు తుడుచుకున్నాడు. అగ్గిపుల్ల గీసి బీడీ ముట్టించుకున్నాడు. పెట్టెను తన బొడ్డులో దోపుకున్నాడు.

మధ్యాహ్నానికి డప్పులు గడి ముందుకొచ్చాయి. జాతరనాడు వేషగాడి మీద ఎవరూ కోపం చెయ్యకూడదు, అది అమ్మవారి కట్టడి. దొర అరుగు మీద కూచున్నాడు. పులులు ఎగిరాయి, దూకాయి. ఆఖరున ఓదెలు వచ్చాడు. ఒంటి మీద రంగు చుక్క లేదు. గంప బోర్లించి దాని మీద కాలు మీద కాలేసుకుని కూచున్నాడు.

దగ్గాడు.

అచ్చం ఆ దగ్గే. డప్పు ఆగింది. జనం చేతులు చెప్పుల మీదికి పోయాయి.

ఒక బర్రె పోతోంది. దాన్ని చూసి దగ్గాడు. అది ఇంత పేడ వేసి తన దారిన పోయింది. మబ్బు వంక చూసి దగ్గాడు. మబ్బు ఆగలేదు. చివరికి లేచి నడుస్తూ దగ్గి, తన దగ్గుకు తనే ఉలిక్కిపడి, చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, తనకు తనే వంగి దండం పెట్టాడు.

ఊరు పడీ పడీ నవ్వింది. దొర కూడా నవ్వాడు. శాలువా కప్పి పంపాడు.

సాయంత్రం రాజలింగు రగిలిపోతూ వచ్చాడు. "వాడు గూడ నవ్విండు గదా! నీకు శాలువ దొరికింది. రేపు మా అవ్వ మళ్ళ గడిల వడ్లు దంచాలె. ఏమొరిగింది గురువా?"

ఓదెలు శాలువా మడత పెట్టి పక్కన పెట్టాడు. "రేపు పొలానికి పోకు. మీ అవ్వ ఎనక నడువు. చెయ్యి లేపకు, నోరు తెరువకు."

తెల్లవారింది. గాలి పెద్దదయింది. లచ్చవ్వ కొడవలితో గడి ముందుకొచ్చింది, వెనకే రాజలింగు. ఎదురింటి కుమ్మరి రామక్క గోడకు మట్టి మెత్తుతోంది.

దొర దగ్గాడు.

లచ్చవ్వ ఆగింది. ఒక కాలి చెప్పు విప్పింది.

రామక్క ఫుక్కుమంది. మట్టిచేత్తోనే నోరు మూసుకుంది. లోపలినుంచి ఆమె అత్త, "ఎవరే? బర్రె వచ్చిందా?" అంది. పక్కింట్లో ఎవరో ఆపుకోలేకపోయారు. గడిలో పేడ ఎత్తుతున్న జీతగాడు గోడవైపు తిరిగాడు, వాడి భుజాలు ఊగుతున్నాయి.

దొర మళ్ళీ నోరు తెరిచాడు. దగ్గు గొంతుదాకా వచ్చి నిలిచిపోయింది. పేరు పెట్టి పిలుద్దామనుకున్నాడు. పేరు తెలీదు.

లచ్చవ్వ కాసేపు చూసింది. విప్పిన చెప్పులో కాలు పెట్టుకుంది. నడిచింది.

రాజలింగు ఒక్క పరుగున గురువు ముందు వాలాడు. రొప్పుతున్నాడు. ఓదెలు బొడ్డులోంచి అగ్గిపెట్టె తీసి వాడి చేతిలో పెట్టాడు.

"ఇగో, నీదే. చేనుకాడ మొదటి కంకి కాల్చుకొని తిను. ఉరుకు, మబ్బు ఆగదు."

ఇక లేవండి. పొయ్యి మీద మీ అన్నాలు ఉడికే ఉంటాయి, వేడిగా ఉన్నప్పుడే తినాలి.

ఎవర్రా ఆ దగ్గింది? నవ్వకండి... పొండి, పొండి.