వీధికి అడ్డురాని ఊదాపూలు

అనగనగనగా, మబ్బులు మెట్లెక్కి వచ్చే ఒక కొండమీది ఊళ్ళో సువర్చల అనే కోడలు ఉండేది బుజ్జీ.

వాళ్ళ అత్తగారు అచ్చమాంబ. కాలుజారి పడి ఆవిడకి తుంటి విరిగింది. ఇక నడక లేదు. పొద్దస్తమానం వరండాలో కుర్చీలో కూర్చుని వీధి చూసేది. కూరలబండి, బడిపిల్లలు, పోట్లాడుకునే కోళ్ళు... ఆవిడకి లోకమంతా ఆ వీధే.

వరండాకీ వీధికీ మధ్య ఒక పూలమడి. అందులో బంతి, చామంతి, సీతమ్మజడ, గులాబీ అన్నీ కలిపి వేసింది సువర్చల. కానీ అన్నీ మోకాలెత్తే! మడి చదునుగా, వెలితిగా ఉండేది. మధ్యలో ఎత్తుగా ఏదన్నా లేస్తే ఎంత బావుంటుందో అనుకుంది.

అప్పుడు పొద్దుతిరుగుడు వేసింది. అవి గోడలా లేచాయి. "అమ్మాయ్, వీధి ఏదే?" అంది అత్తగారు మెడ సాచి. పాపం, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. సువర్చల వాటిని పీకేసింది.

ఆ తర్వాత మెట్టతామర వేసింది. చాటలంత ఆకులు! మళ్ళీ వీధి మాయం. మళ్ళీ పీకింది.

అది చూసి ఇంటిపెద్ద, బావగారు పానకాలుకి విసుగొచ్చింది. "వేయడం, పీకడం! వానలు వెళ్ళేలోగా ఈ మడి ముచ్చటగా కనపడాలి. లేదంటే సిమెంటు పోయించి నా స్కూటరు పెట్టుకుంటా" అన్నాడు. అన్నట్టే బస్తాలు తెచ్చి గేటు పక్కన పడేశాడు.

సువర్చల కొంగు బిగించి నర్సరీకి వెళ్ళింది.

"ఎత్తుగా ఉండాలండీ. కానీ అడ్డు రాకూడదు."

"ఎత్తున్నాక అడ్డం రాదా అమ్మా?" అని నవ్వి, నర్సరీ ఆయన ఊదారంగు సాల్వియాలు చూపించాడు. కంకుల్లా పూస్తాయి అవి.

మొదటిది పొట్టిగా, గుబురుగా ఉంది. బంతి పక్కన పెడితే బంతికి చెల్లెలే. వద్దంది. రెండోది ఎత్తే, కానీ కంకి బరువుకి నేలమీద వాలిపోయింది. అదీ వద్దంది. మూడోది ఓ మూల ఉంది. సన్నసన్నని కాడలు, గుండెల దాకా ఎత్తు, మధ్యలో గాలి ఆడేంత ఖాళీ, పైన చిట్టిచిట్టి పూలు. కుండీ ఎత్తి కళ్ళముందు పెట్టుకుంది. కాడల సందుల్లోంచి నర్సరీ ఆయన మీసాలు వెంట్రుకతో సహా కనిపించాయి!

"బక్కది. ఎవరూ కొనరమ్మా."

"నాకు బక్కదే కావాలి" అంది సువర్చల.

తెచ్చి, బంతికీ గులాబీకీ మధ్య అక్కడక్కడా నాటింది. అవి పెరిగి మొగ్గ తొడిగాయి.

అప్పుడు వచ్చింది గాలివాన! బంతి విరిగింది. గులాబీ రేకులు రాలాయి. సాల్వియాలు నేలకి సాగిలపడ్డాయి. సువర్చల కిటికీ ఊచలు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తెల్లారింది. ఎండ పొడ పడింది. ఒక్కో కాడా మెల్లగా తల ఎత్తింది. మధ్యాహ్నానికి అన్నీ నిలబడ్డాయి, విచ్చుకున్నాయి కూడా! తుమ్మెదలొచ్చాయి, సీతాకోకలొచ్చాయి, తేనెపిట్టలొచ్చాయి.

"ఒరే పెద్దోడా, ఇలా రారా!" అని అరిచింది అచ్చమాంబ. "వీధంతా కనపడుతోందిరా! కూరలబండి పూలలో తేలుతూ వస్తోంది చూడు!"

పానకాలు చూశాడు. తర్వాత తనే సిమెంటు బస్తాలు వెనక్కి మోసుకెళ్ళాడు. వచ్చి, "అమ్మాయ్, ఆ మూల ఇంకా ఖాళీగా ఉంది, అక్కడా నాటు" అన్నాడు.

దారినపోయేవాళ్ళు ఆగి కొమ్మలు అడిగారు. సువర్చల లేదనకుండా ఇచ్చింది. మరుసటి ఏడాదికి ప్రతి ఇంటి ముందూ ఊదాపూలే! అప్పుడు పానకాలూ, సువర్చల మొగుడూ, కొడుకులిద్దరూ అచ్చమాంబని కుర్చీతో సహా భుజాలకెత్తుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఊరేగించారు. పిల్లలు పళ్ళేలు వాయిస్తూ ముందు నడిచారు. ఆవిడ పక్కనే, మహారాణిలా, మన సువర్చల!

కథేమో కంచికి, నువ్వేమో నిద్దరికి.
ఊదాపూలు ఊగాయి, బుజ్జికళ్ళు వాలాయి.