కాలు మీద కాలు

ఏటి ఒడ్డున చాకిరేవు దగ్గర సవలమ్మ అనే కోడిపెట్ట ఉండేది. తెల్లారిందంటే చాలు, కాళ్ళతో నేల గీరి పిల్లలకు పురుగులు చూపించేది. పక్కనే గాలెయ్య అనే గాడిద మేస్తుండేది. అది దూరం పోకుండా యజమాని దాని ముందరికాళ్ళు రెండూ కలిపి తాడుతో కట్టేవాడు. పాపం, గెంతుకుంటూనే మేసేది.

ఒకరోజు అవతలి గట్టున నక్క కూర్చుని గట్టిగా నిట్టూర్చింది.

"ఏం బావా, ఒంట్లో బాగాలేదా?" అంది సవలమ్మ. మధ్యలో ఏరుందిగా, ఆ ధైర్యం.

"నీ కాళ్ళు చూస్తే కడుపు తరుక్కుపోతోంది మరదలా. బాతుకు కాలే తెడ్డు, దర్జాగా ఈదుతుంది. పిల్లి కాలితోనే మొహం తుడుచుకుంటుంది. నీ కాలికి మాత్రం పొద్దస్తమానం మట్టిపనేనా?"

"మరి పిల్లలు తినొద్దా?"

"తినాలి. కానీ గొప్పవాళ్ళెవరైనా కాలు కదుపుతారా? ఊళ్ళో పెద్దాయన్ని చూడు. అరుగెక్కి కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. అన్నీ ఆయన దగ్గరికే నడిచొస్తాయి."

ఆ మాట సవలమ్మకు బాగా నచ్చింది. గీరి గీరి గోళ్ళు అరిగిపోయిన మాట నిజమే. ఆ భోగం తనకెందుకు ఉండకూడదు?

"వద్దమ్మాయ్, నీ కాళ్ళు అందుకు పుట్టలేదు," అంది గాలెయ్య.

"కాళ్ళు కట్టించుకున్నవాడివి, నువ్వా మావా నాకు చెప్పేది?"

సవలమ్మ బట్టలుతికే బండెక్కి కూర్చుని, ఒక కాలు తీసి రెండో కాలి మీద వేసింది. అంతే, గోళ్ళు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని వెల్లకిలా పడింది. రెక్కలు ఎంత కొట్టుకున్నా లేవలేకపోయింది.

నక్క అప్పటికే ఏట్లో దిగింది. పిల్లలు కీచుకీచుమంటూ గాలెయ్య పొట్టకిందికి దూరాయి. సవలమ్మకు ఏడుపొచ్చింది. తను పోతే పోయింది, రేపటి నుంచి వాటికి పురుగులు ఎవరు చూపిస్తారు?

"మావా, తప్పయిపోయింది, కాపాడు," అంది.

గాలెయ్య గెంతుకుంటూ వచ్చి బండకు అడ్డంగా నిలబడింది.

ఈ గట్టెక్కిన నక్క నవ్వింది. "కట్టేసిన కాళ్ళతో నన్నేం చేస్తావోయ్?"

"కాళ్ళతో ఏం చేస్తాను నాయనా? ముందుకొస్తే మాత్రం కరుస్తాను," అని గాలెయ్య ఇంతేసి పళ్ళు బయటపెట్టింది.

ఆ పళ్ళు చూసి నక్క జంకింది. తెలివిగా చుట్టూ తిరిగి వెనకనుంచి రాబోయింది. తాడు ముందరికాళ్ళకే ఉందన్న సంగతి దానికి తట్టలేదు. గాలెయ్య ఫెడీమని ఒక్క తాపు తన్నింది. నక్క గాల్లోకి లేచి ఏటి బురదలో పడి, కుంటుకుంటూ అవతలి గట్టెక్కింది. ఈలోగా గాలెయ్య మూతితో మెల్లగా నెట్టి సవలమ్మను లేపింది.

మర్నాడు పొద్దున సవలమ్మ హుషారుగా నేల గీరుతూ తలెత్తి చూసింది. అవతలి గట్టున నక్క వాచిన కాలిని ఇంకో కాలి మీద పెట్టుకుని మూలుగుతోంది.

"ఏం బావా, గొప్పవాడివైపోయావే! కూర్చో, అన్నీ నీ దగ్గరికే నడిచొస్తాయి," అంది సవలమ్మ.

గాలెయ్య నవ్వు ఊరంతా వినిపించింది.

పనిచేసే కాలిని చులకన చేయకండి, దానికి ఇంకా ఏయే పనులొచ్చో మనకు తెలియదు.