నాలుగో నిమిషం

హేమలతకు ఆ నాలుగో నిమిషం అంతుచిక్కలేదు.

గుంటూరులో మస్తాన్ వలీ మాస్టరు దగ్గర ఆమె రెండేళ్లు బేకరీ పని నేర్చుకుంది. ఆ తర్వాత, ఆ బేకరీ పదకొండు బ్రాంచీల్లో కొత్తగా చేరినవాళ్ల కోసం మాస్టరు చేత చెప్పించి, ఫోన్లో చూసే పాఠాలు తయారుచేసింది. బన్నులు చేసే పాఠం తొమ్మిది నిమిషాలు. అరవై నలుగురు మొదలుపెట్టారు. పదముగ్గురే చివరిదాకా చూశారు. మిగిలిన యాభై ఒక్కరూ నాలుగో నిమిషంలో ఆపేసి, మళ్లీ తెరవలేదు.

“నూటికి ఎనభై మంది, మాస్టరుగారూ,” అంది.

“లెక్క తప్పదులే నీకు,” అన్నాడాయన.

సాయంత్రం బేకరీ యజమాని వస్తున్నాడు. బన్నుల మీద ఫిర్యాదులు తగ్గాయి, పాఠం చూడకుండానే పని సాగుతోంది, ఇక ఇవెందుకు, తీసేద్దాం అంటున్నాడట. అది ఏడు నెలల కష్టం. అందుకే ఆమె పొద్దుటి నుంచి ఉపాయాలు రాసుకుంది. పాఠాన్ని మూడు నిమిషాలకు కుదించడం. వెనకాల సంగీతం పెట్టడం. పూర్తిగా చూస్తేనే తర్వాతి పాఠం తెరుచుకునేలా తాళం వేయడం.

మాస్టరు అన్నీ విని, తన గొంతు అంత బాగోలేదా అని అడిగాడు. అది కాదని ఆమె కంగారుగా చెప్పింది.

“నువ్వు చూశావా ఆ పాఠం?”

“తీసిందే నేను. నలభై సార్లు చూసుంటాను.”

“ఎక్కడ?”

“కంప్యూటర్ ముందు.”

ఆయన బల్ల మీద పెద్ద పళ్లెం పెట్టి మైదా కొలిచి పోశాడు. ఈస్ట్ కలిపిన నీళ్లు పక్కన ఉంచాడు. ఫోన్ తీసుకుని చక్కెర డబ్బాకు ఆనించి, కొత్తగా చేరినవాళ్లలాగే ఆమె పేరు మీద పాఠం తెరవమన్నాడు.

హేమలత తెరిచింది. ఫోన్లో మాస్టరు కొలతలు చెప్పాడు. ఆమె నీళ్లు పోసింది. చేతులు ఎక్కడ పెట్టాలో చూపించాడు. పెట్టింది. నాలుగో నిమిషంలో ఫోన్లోని మాస్టరు అన్నాడు: “ఇక పిసకండి. చేతికి అంటడం మానేదాకా ఆపకండి.”

ఆమె పిసకడం మొదలుపెట్టింది. ఫోన్లో మాటలు ముందుకు పోతున్నాయి. పిండి మాత్రం వేళ్లకు బంకలా పట్టుకునే ఉంది. విసుగొచ్చి మోచేత్తో ఫోన్ ఆపేసింది.

పావుగంట పట్టింది. భుజాలు నొప్పెట్టాయి. ఉన్నట్టుండి పిండి వేళ్లను వదిలేసి, నున్నగా ఒక ముద్ద అయింది. రెండేళ్ల కిందట మొదటిసారి ఇలా కుదిరిన రోజు గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది. ముద్దను తడిగుడ్డ కప్పి పక్కన పెట్టింది. పాఠంలో ఇక మిగిలింది బన్నులు చేసి పొయ్యిలో పెట్టడం; అది ఆమెకు చూడకుండానే వచ్చు. మొదటి వారంలోనే అందరికీ వస్తుంది.

చేతులు కడుక్కుని ఫోన్ తీసింది. లెక్క మారింది. నాలుగో నిమిషంలో ఆపేసినవాళ్లు ఇప్పుడు యాభై ఇద్దరు. చివరి పేరు తనదే.

ఆ యాభై ఒక్కరి చేతులూ అప్పుడు పిండిలోనే ఉండి ఉంటాయి. తర్వాత పొద్దుట ఉపాయాలు రాసుకున్న కాగితాన్ని మడిచి, పిండి రాలిన బల్ల తుడిచింది.

మాస్టరు తడిగుడ్డ ఎత్తి, ముద్దను వేలితో నొక్కి చూశాడు.

“బాగా కుదిరింది, తల్లీ,” అన్నాడు. “ఇప్పుడు ఎక్కడా ఆపకుండా చూసిన ఆ పదముగ్గురి సంగతి కనుక్కో.”