ఇనపనీళ్లు

తమ్ముడు పోయినప్పటినుంచి ఓబులేసుకు అన్నం సయించడం లేదు, కంటిమీద కునుకు లేదు. తుంగభద్ర దాటించే పుట్టిలో ఈరన్న పట్టనంతమందిని ఎక్కించాడు. నడి ఏట్లో అది తలకిందులైంది. ఈరన్న ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. ఓబులేసు తమ్ముడు సుంకన్న రాలేదు.

లాలుసాబు మనవడు మాబు కూడా ఆ పుట్టిలోనే ఉన్నాడు. వాడూ ప్రాణాలతో రాలేదు.

లాలుసాబు కత్తులకు తోలు ఒరలు కుట్టే ముసలాయన. ఊరంతా ఫకీరని చేతులు జోడించినా ఆయన సూదీ దారం వదల్లేదు. పనితోపాటు నాలుగు మంచి మాటలు కూడా నేర్చుకుందామని ఓబులేసు ఆయన దగ్గర శిష్యుడుగా చేరాడు. ఇప్పుడు ఏ మంచి మాటా వాడి చెవికెక్కేట్టు లేదు.

ఆ పొద్దున ఓబులేసు కొత్త ఒర ఒకటి ముందేసుకుని, రెండు చేతులా కరక్కాయ కషాయం పట్టించాడు. దానిమీద ఇనపనీళ్లు పూశాడు. పాత మేకులూ లాడాలూ పులిసిన గంజిలో నానేసి తేర్చిన నీళ్లవి. చూడబోతే పలచటి టీ నీళ్లే. కరక్కాయ తాగిన తోలుకు తగిలాయంటే మాత్రం చూస్తుండగానే కాటుక నలుపు.

ఒక పూత చాలు. ఓబులేసు పళ్లు బిగబట్టి పూత మీద పూత వేస్తున్నాడు.

ఒర కావాలన్నవాణ్ణి కత్తి దేనికని అడగడం ఆ అంగడి ఆనవాయితీ. గొర్రెల కాపరైనా, తమలపాకు తోటవాడైనా చెప్పి తీరాల్సిందే.

"ఎవురిదిరా ఈ ఒర?" అన్నాడు లాలుసాబు.

"నాదే తాతా."

"కత్తి దేనికి?"

ఓబులేసు తల ఎత్తలేదు. "ఈరన్నకు."

ముసలాయన చేతిలో సూది ఆగింది. తిడతాడనుకున్నాడు ఓబులేసు. తిట్టినా బాగుండేది. ఉండబట్టలేక బావురుమన్నాడు.

"వాడు ముంచింది నా తమ్మున్ని ఒక్కన్నే కాదు, నీ మనవన్ని గూడా గదా! నాకు కడుపులో నిప్పులు పోసినట్టుండాది. నువ్వేమో నమాజులు చేసుకుంటా, ఆ ఈరన్న ఎదురొస్తే సలాం గూడా చేస్తివి. నీకెందుకు మండదు తాతా? నీదేం గుండె?"

లాలుసాబు లేచి ఇనపనీళ్ల ముంత తెచ్చాడు.

"చెయ్యి పట్టు."

ఓబులేసు పట్టాడు. కషాయం ఇంకా ఆరని ఆ అరచేతిలో ఆయన కాసిని నీళ్లు పోశాడు. చెయ్యి మాడిన పెనంలా నల్లబడిపోయింది.

తర్వాత ముసలాయన తన చెయ్యి చాపి, అదే ముంతలోంచి పోసుకున్నాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి. చెయ్యి చెయ్యిలాగే ఉంది.

ఓబులేసు ఆ రెండు చేతుల వంకా చూశాడు.

"నువ్వు కరక్కాయ ముట్టలేదు గదా తాతా" అన్నాడు. అన్నాక తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయాడు.

"ముట్టకుండా ఎట్లుంటాన్రా? మాబుగాన్ని ఈ చేతుల్తోనే గోరీలో దించినా."

లాలుసాబు అరచేతిని వాడి కళ్ల దగ్గరికి తెచ్చాడు. గీతల్లో, గోళ్ల అంచుల్లో, సన్నటి నలుపు మెల్లగా తేలుతోంది.

"పొద్దున కడుగుతా, మాపటికి కడుగుతా. ఆ కరక్కాయ ఇంగా పోలా, చూడు."

ఓబులేసు లేచి, కడవలోంచి చెంబెడు నీళ్లు ముంచుకొచ్చి, ముందు ఆయన చేతుల మీద పోశాడు.