మంగళం లేని పాట

చిత్రగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని కీర్తిధ్వజ మహారాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. యుద్ధం చేసేంత కోపం లేదు, చేయించేంత తీరికా లేదు. ఉన్న తీరికంతా సంగీతానికి పోయేది.

సంగీతమంటే ఆయన లెక్కలో తన తాతగారి కాలంతోనే ముగిసిపోయింది. ఆ తరువాత పుట్టినదంతా గోల. ఆ కాలపు కీర్తనలు ఆస్థాన విద్వాంసుడు నృసింహశాస్త్రి పాడాలి, రాజు మెచ్చాలి. శాస్త్రిగారు “రామా” అనబోయి “రా” దగ్గర రాగం అందుకుంటే “మా” వచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయేది. సభవారు ఆ “మా” కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసేవారు. రాజు దాన్ని భక్తి అనుకునేవాడు.

ఒక ఏడు పుట్టినరోజు సభలో రాజుకు ఒక ముచ్చట పుట్టింది. “మీలో ఎవరికి ఏ పాట ఇష్టమో చెప్పండి. భయపడకుండా నిజం చెప్పండి” అన్నాడు.

రాజు భయపడవద్దన్నప్పుడే భయపడాలి. పుట్టినరోజు పాయసం కాస్త ఎక్కువై సభవారు ఆ సంగతి మరిచిపోయారు.

సేనాపతి తనకు పడవవాళ్ల పాట ఇష్టమన్నాడు. “వాళ్లు తెడ్డు వేస్తూ పాడుతుంటే నాకు యుద్ధమే గుర్తుండదు ప్రభూ” అన్నాడు. సేనాపతి అనవలసిన మాట కాదది. మంత్రి తోలుబొమ్మలాటలో వచ్చే హాస్యపు పాటలన్నాడు. రాణిగారు మొన్న పొరుగుదేశం నుంచి వచ్చిన నాట్యకత్తె పాడిన కొత్త జావళి అంది. అంతటితో ఊరుకోక రెండు చరణాలు పాడి కూడా వినిపించింది. తాతగారి కాలం ఎవరికీ గుర్తు రాలేదు.

సరిగ్గా అప్పుడే నెత్తిమీద నుంచి ఇంకో పాట వినబడింది. దాంతోపాటు ధన్ ధన్ అని మోత.

“ఎవరది?” అన్నాడు రాజు.

“గవరమ్మ జట్టు ప్రభూ. మండపానికి కొత్త మిద్దె వేస్తున్నారు. సున్నం గచ్చు పరిచి, చెక్క దిమ్మిసలతో కొడుతూ పాడుకుంటారు. నాకు ఇష్టమైన పాట అదే” అన్నాడు ఔబళయ్య.

ఈ ఔబళయ్య రాజుగారి వినోదాల అధికారి. రాజును నవ్వించడం ఆయన ఉద్యోగం. నవ్వించి రెండేళ్లయింది, అయినా ఉద్యోగం ఉంది.

రాజు ముఖం కందగడ్డలా చేసుకున్నాడు. “పడవ పాటలకీ, బొమ్మల పాటలకీ, ఆ జావళికీ, ఈ నెత్తిమీద మోతకీ అన్నిటికీ మంగళం పాడించు! పున్నమి దాటాక వీటిలో ఒక్కటి నా చెవిన పడిందా, నీ ఉద్యోగానికీ మంగళమే!”

“చిత్తం. ఆజ్ఞలో ‘మంగళం పాడించవలెను’ అనే రాయించమంటారా?”

“అలాగే రాయించు. నా నోట వచ్చిన మాటలో ఒక్క అక్షరం మారడానికి వీల్లేదు.”

రాయించారు. ముద్ర వేశారు.

ఆ సాయంత్రమే గవరమ్మ ఔబళయ్య ఇంటికి వచ్చింది. చేతులకు ఇంకా సున్నం అంటుకునే ఉంది.

“బాబయ్యా, పాట మానెయ్యాలంట గదా! పాట లేకపోతే పన్నెండు దిమ్మిసలూ ఒక్క దెబ్బగా పడవు. దెబ్బ ఎడంగా పడితే గచ్చు నెర్రెలిస్తది. రేపు వానకి మిద్దె కారితే, పాట లేక కారిందని ఎవరంటారు? గవరమ్మకి పని రాదంటారు. మళ్లీ ఎవరు పిలుస్తారు మమ్మల్ని? మా పన్నెండు కొంపల్లోనూ పొయ్యి వెలిగేది దీంతోనే గదా.”

ఔబళయ్యకు మనసు చివుక్కుమంది. “ఏం చేస్తాం గవరమ్మా, మంగళం పాడించమని ఆజ్ఞ” అన్నాడు.

“మా పాటకి మంగళం ఏముంటది బాబయ్యా?”

“ఏమన్నావు?”

గవరమ్మ మళ్లీ చెప్పింది. ఔబళయ్య మూడోసారి కూడా చెప్పించుకుని విన్నాడు. “పని ఆపకు. నీ వంతు అందరికన్నా చివర పెడతాను. పున్నమినాడు జట్టుతో రా” అని పంపేశాడు.

మర్నాడు రాజు మండపంలోకి వచ్చేసరికి ఇరవైమంది పడవవాళ్లు తెడ్లతో సహా కూర్చుని ఉన్నారు.

“ఏమిటిది?”

“తమ ఆజ్ఞే ప్రభూ. ఇవాళ పడవ పాటకు మంగళం.”

“అయితే ఆ మంగళమేదో పాడి వెళ్లమను.”

ఔబళయ్య శాస్త్రివైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. “శాస్త్రిగారూ, తమకు తెలియని శాస్త్రం లేదు. పాట పాడకుండా మంగళం పాడవచ్చునా?”

“అపచారం!” అన్నాడు శాస్త్రి. “పెళ్లి జరగకుండా అప్పగింతలు పెడతారుటయ్యా? పాట పూర్తిగా పాడాలి. ఆపైన మంగళం. కాదంటే పాడించినవారికి అరిష్టం.”

“మంగళం కాకముందే ఎవరైనా లేచి వెళ్లవచ్చునా?”

“మహారాజైనా సరే, వీల్లేదు!”

ఈ నియమం శాస్త్రి తన కచేరీల కోసమే గట్టిగా పట్టుకున్నాడు. అది లేకపోతే “మా” వినడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

రాజు కూర్చున్నాడు. పడవవాళ్లకు ఈ ఒడ్డున పడవెక్కి ఆ ఒడ్డున దిగేదాకా సాగే పాట ఒకటుంది. అది మొత్తం పాడారు. రాజు మొదట కళ్లు మూసుకున్నాడు. ఏరు సగం దాటేసరికి తెరిచాడు. అవతలి ఒడ్డు వచ్చేసరికి సింహాసనం మీద అటూ ఇటూ ఊగుతున్నాడు. నడుము నొప్పి అన్నాడు.

రెండో రోజు జావళి. అందులో నాయిక, ఆలస్యంగా వచ్చిన నాయకుణ్ణి వాకిట్లోనే నిలబెట్టి అడగవలసినవన్నీ అడుగుతుంది. రాణిగారు పాట జరిగినంతసేపూ రాజువైపే చూసింది. రాజు ఆనాడు భోజనానికి వేళకు వెళ్లాడు.

తరువాత మూడు రోజులూ తోలుబొమ్మల పాటలు. వాటికి నవ్వకుండా ఉండటం కష్టం. నవ్వితే రాజు మాట పోతుంది. అందుకని ఆయన నవ్వు వచ్చినప్పుడల్లా దగ్గాడు. ఆస్థాన వైద్యుడు మంచి విధేయుడు. రాజు దగ్గినప్పుడల్లా శొంఠి కషాయం తెచ్చి ఇచ్చాడు. మూడు రోజుల్లో రాజు పదిహేడు గిన్నెల కషాయం తాగాడు. ఆ పాటలెంత మంచివో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పున్నమినాడు గవరమ్మ జట్టు వచ్చింది.

“కూకుని పాడితే రాదు మారాజా. చేతిలో దిమ్మిస లేకపోతే మాకు మాట గుర్తు రాదు” అంది గవరమ్మ.

చేసేది లేక సభంతా మిద్దె ఎక్కింది. తీరా చూస్తే జట్టులో ఒకామెకు జ్వరం. పదకొండుమందే ఉన్నారు.

“ఒక దిమ్మిస తక్కువైతే పాట పూర్తి కాదు” అన్నాడు ఔబళయ్య. “పాట పూర్తి కాకపోతే…”

“అరిష్టం. తెలుసు” అన్నాడు రాజు నీరసంగా. “శాస్త్రిగారూ, రాజ్యంలో తాళజ్ఞానం మీ తరువాతే ఎవరికైనా. అందుకోండి.”

శాస్త్రి ఉత్తరీయం నడుముకు చుట్టి దిమ్మిస అందుకున్నాడు. గవరమ్మ పాట ఎత్తుకుంది. పదకొండు దిమ్మిసలు ఒక్కసారి పడ్డాయి. శాస్త్రిది తరువాత పడింది. ఆయన మిద్దెను కూడా రాగం తీసినట్టు నింపాదిగా కొడుతున్నాడు. ఇలా ఒక మూలంతా అయింది.

గవరమ్మ పాట ఆపింది. “అయ్యోరూ, తమ దెబ్బ ఎడంగా పడతంది. చిన్నప్పుడు తమకి తాళం చెప్పినోళ్లు లేరా?”

సభవారందరూ ఆకాశంలోకి చూశారు. అక్కడ ఏమీ లేదు.

“ఇలా ఇవ్వండి” అన్నాడు రాజు.

ఆయన మొదటి దెబ్బ ముందు పడింది. రెండోది వెనక పడింది. మూడోది మిగతా పదకొండింటితో కలిసి పడింది. మిద్దె మొత్తం ఒక్కటిగా మోగింది. ఆ తరువాత ఇక తప్పలేదు. పన్నెండింటిలో తన దెబ్బ ఏదో రాజుకే తెలియలేదు. బుద్ధెరిగాక ఆయనకు అలాంటిది ఎన్నడూ జరగలేదు. ఒళ్లు పులకరించింది. కళ్లు చెమర్చాయి. అది సున్నం వల్ల మాత్రం కాదు.

కానీ మధ్యాహ్నమైంది. ఎండ మాడ్చేస్తోంది. అరచేతులు బొబ్బలెక్కాయి.

“గవరమ్మా, ఇక మంగళం పాడవమ్మా” అన్నాడు రాజు.

“మాకు మంగళం లేదు మారాజా. మిద్దె అయ్యేదాకా పాటే.”

“మిద్దె అయ్యాక?”

“ఇంకో మిద్దె.”

రాజు ఔబళయ్యవైపు చూశాడు. ఔబళయ్య తాటాకుల గొడుగు నీడలో నిలబడి ఉన్నాడు.

“మంగళం దాకా ఎవరూ కదలరాదని శాస్త్రం ప్రభూ. మంగళం పాడించి తీరాలని తమ ఆజ్ఞ. నగరంలో పూరిళ్లు ఇంకా మూడువందల పైచిలుకు ఉన్నాయి. అవన్నీ మిద్దెలయ్యాక మరోసారి అడిగి చూద్దాం.”

రాజు మిద్దె మీద నుంచి నగరమంతా కలియజూశాడు. ఎటు చూసినా తాటాకు కప్పులే. చేతిలో దిమ్మిస చూసుకున్నాడు. బొబ్బలు చూసుకున్నాడు. అంతే, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

వైద్యుడు కషాయంతో పరుగెత్తుకొచ్చాడు.

“దగ్గు కాదయ్యా, నవ్వు! ఆ మూడు రోజులూ కూడా నవ్వే!” అన్నాడు రాజు.

వైద్యుడికి గిన్నె ఏం చేయాలో తెలియక తానే తాగేశాడు.

“ఔబళయ్యా, గెలిచావు. నా ఆజ్ఞకే మంగళం పాడెయ్” అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.

“చిత్తం. శాస్త్రప్రకారం ముందు ఆజ్ఞంతా పాడాలి” అని ఔబళయ్య గొంతు సవరించుకున్నాడు.

ఆయన పాడగా అంతవరకూ ఎవరూ వినలేదు. ఎందుకు వినలేదో అప్పుడు తెలిసింది. బురుజు మీది పావురాలకు శాస్త్రం తెలియదు గనక లేచి వెళ్లిపోయాయి. మిగతావారంతా మంగళం దాకా కూర్చున్నారు.

రాజు తన చేతి కంకణం తీసి ఔబళయ్యకు తొడిగాడు. “ఇది నీ తెలివికి” అన్నాడు. రెండో కంకణం కూడా తీసి తొడిగాడు. “ఇది ఇంకెప్పుడూ పాడనని మాట ఇచ్చినందుకు.” ఔబళయ్య వెంటనే మాట ఇచ్చాడు.

గవరమ్మ జట్టుకు పట్టుచీరలు పెట్టించి, కోటలో కట్టబోయే ప్రతి మిద్దే వాళ్లదే అన్నాడు. పాటతో సహా అని రాయించి ముద్ర వేయించాడు. ఏటా పుట్టినరోజు సభలో ఇష్టమైన పాటలు అడగడం మాత్రం రాజు మానలేదు. ఇప్పుడు తన వంతు వస్తే రెండు చెబుతాడు. ఒకటి తాతగారి కాలపు కీర్తన, రెండోది దిమ్మిస పాట.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. గవరమ్మ మాట నిలబడింది. కొత్త మిద్దె ఎక్కడా చెమ్మగిల్లలేదు, శాస్త్రిగారు కొట్టిన ఆ ఒక్క మూల తప్ప. అది సరిగ్గా ఆయన కూర్చునే చోటికి పైన. ఆయన “రా” అని రాగం అందుకోగానే నెత్తిమీద చుక్క పడేది, అదీ ఎడంగానే. పాపం, అప్పటి నుంచి శాస్త్రిగారు “మా” దాకా కాస్త త్వరగానే వస్తున్నారట. సభవారు వేళకు భోంచేస్తున్నారు.